ఆధారం ఆఖర్న చూపించే ఇంటర్వ్యూ శిక్షణ: ఎంతవరకు పనికొస్తుంది?

స్వీడన్ పోలీసు ట్రైనీలపై పరీక్షించిన ఎస్‌యూఈ (స్ట్రాటజిక్ యూజ్ ఆఫ్ ఎవిడెన్స్, అంటే ఆధారాన్ని వ్యూహంగా వాడి అనుమానితుడి అబద్ధాన్ని పట్టే పద్ధతి) శిక్షణ మూడు గంటలే. చేతిలో ఉన్న ఆధారాన్ని ఎప్పుడు బయటపెట్టాలన్నదే అందులో పాఠమంతా. చూపు తిప్పుకున్నాడు, గుటకలు మింగాడు లాంటి లెక్కలకు చోటులేదు. మంచిదే, వాటిని నమ్ముకోవడం బొమ్మా బొరుసా వేయడంతో సమానం.

షాపులో ఓ బ్రీఫ్‌కేసులోంచి పర్సు పోయింది, ఆ బ్రీఫ్‌కేసు మీద అనుమానితుడి వేలిముద్రలున్నాయి అనుకోండి. ఆ ఊసెత్తకుండా ముందు 'షాపులో ఏం చేశారో మొత్తం చెప్పండి' అనాలి, మధ్యలో అడ్డుపడకూడదు. ఆ తర్వాత 'అక్కడ బ్రీఫ్‌కేసు కనిపించిందా? జరిపారా, ముట్టుకున్నారా?' అని అడగాలి. 'లేదు' అన్నాకే వేలిముద్రల మాట. తొందరపడి మొదట్లోనే చూపిస్తే 'అడ్డంగా ఉంటే పక్కకి పెట్టాను' అని కథ అల్లేస్తారు. ఎక్కువగా చెడేది ఇక్కడే.

2006లో వెలువడిన ఫలితాల్లో శిక్షణ పొందినవారు నిజమో అబద్ధమో 85.4 శాతం సరిగ్గా తేల్చారు, పొందనివారు 56.1 శాతం. అయితే ఆ ప్రయోగంలోది ఉత్తుత్తి దొంగతనం. ఆధారమే లేని కేసులో ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. పైగా 'లేదు' అన్నవాడు నిజంగానే మర్చిపోయి ఉండొచ్చు, వివరణ ఇచ్చుకునే వీలివ్వాలి.