ఏడాదికి ₹499కే ‘ప్రీమియం స్క్రీన్’ అంటే డబ్బు కట్టకండి

నెట్‌లో “మంచి సిరీస్ ఏదైనా చెప్పండి” అని ఎవరు అడిగినా, జవాబుల్లో ఒకటి తప్పకుండా ఇలా ఉంటోంది: నాలుగు సిరీస్‌ల పేర్లు, కింద ఒక టెలిగ్రామ్ లింకు. “అన్నీ ఫోర్‌కేలో, ఏడాదికి ₹499, ఆగిపోతే కొత్త అకౌంట్ గ్యారంటీ.” అంటే నెట్‌ఫ్లిక్స్ లాంటి ఓటీటీ ప్రీమియం అకౌంట్‌లో ఒకరు చూసే చోటు చవకగా అమ్ముతామని. ఆ లింకు పట్టుకుని వెళ్లి డబ్బు కట్టినవాళ్లు చెప్పేది దాదాపు ఒకటే. కొన్ని వారాలు బాగానే నడుస్తుంది. ఓ రోజు పాస్‌వర్డ్ తప్పంటుంది. గ్రూపులో అడిగితే అమ్మినవాడు “రేపు ఇస్తా” అంటాడు, ఆ తర్వాత బ్లాక్ చేస్తాడు.

ఇది ఎందుకు నిలబడదో లెక్క వేసి చూడండి. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో తగ్గించి ప్రకటించిన ధరల్లో ప్రీమియం నెలకు ₹649, అంటే ఏడాదికి ₹7,788. ఒకేసారి నలుగురు చూడొచ్చు. నిజాయితీగా నలుగురికి పంచినా తలకు ₹1,947 పడుతుంది. మరి ₹499కి ఇచ్చేవాడు మిగతాది తన జేబులోంచి పెడతాడా? మూడు దారులున్నాయి. ఒక నెల ప్లాన్ మాత్రమే కట్టి, మీ దగ్గర ఏడాది డబ్బు తీసుకుని మాయమవడం. ఒకే అకౌంట్‌ను పదిహేను, ఇరవై మందికి అమ్మడం. లేదా ఎవరిదో దొంగిలించిన అకౌంట్‌నో, దొంగ కార్డుతో తెరిచినదాన్నో అంటగట్టడం. మూడోదే అన్నిటికన్నా ప్రమాదం. అసలు యజమాని ఏ క్షణమైనా పాస్‌వర్డ్ మార్చేస్తాడు, మీరు చూస్తున్నది పరాయివాడి సొత్తు.

2023 జులై నుంచి ఇక్కడ కూడా నెట్‌ఫ్లిక్స్ ఒక అకౌంట్‌ను ఒక ఇంటికే పరిమితం చేసింది. మీ టీవీ ఆ ఇంటి ఇంటర్నెట్‌లో లేదని గుర్తిస్తే కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ అసలు యజమాని మెయిల్‌కో, ఫోన్‌కో వెళ్తుంది, పదిహేను నిమిషాల్లో చెల్లకుండా పోతుంది. అంటే రాత్రి పదిన్నరకి మీరు సిరీస్ పెట్టుకుంటే, అమ్మినవాడు మేలుకుని ఉండి ఆ కోడ్ పంపాలి. “ఫోన్‌లో మాత్రమే చూడండి, టీవీలో వద్దు” అని వాళ్లు ముందే షరతు పెట్టేది ఇందుకే. ఆ మాట వినిపించిందంటే ఇక బేరం అక్కడితో ఆపేయండి.

సిరీస్ చూసేవాళ్లకు ఇంకో నష్టం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ప్రొఫైల్ ఇద్దరు ముగ్గురు వాడుతుంటే మీరు మూడో ఎపిసోడ్‌లో ఆపింది మర్నాటికి ఏడో ఎపిసోడ్‌లో తెరుచుకుంటుంది. ‘డార్క్’ లాంటి జర్మన్ సిరీస్‌కు ఇది ప్రాణాంతకం. మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు, ఎవరు ఏ కాలం మనిషో గుర్తు పెట్టుకుంటూ వరసగా చూడాల్సింది అది. ఎపిసోడ్ పేరు, కింద ఒక్క బొమ్మ కనబడినా రహస్యం సగం చచ్చిపోతుంది.

కొందరు అకౌంట్ బదులు యాప్ ఫైలు పంపిస్తారు: “ఇది ఇన్‌స్టాల్ చేసుకోండి, అన్ని ఓటీటీలూ ఫ్రీ.” దాన్ని అస్సలు ముట్టుకోవద్దు. సినిమాలు చూపే యాప్‌కు మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి (తెరమీద ఉన్నది చదివి, మీ బదులు నొక్కే వీలు) ఎందుకు? ఆ రెండూ ఇస్తే బ్యాంకు ఓటీపీ వాడి చేతిలో ఉన్నట్టే. “మీ నంబరు మీదే యాక్టివేట్ చేస్తా, ఓటీపీ చెప్పండి” అన్నా అంతే. మీ రీఛార్జ్‌తో వచ్చిన ఉచిత ఓటీటీని వాడు తీసుకుని ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

ఇక సక్రమంగా కొనేటప్పుడు కూడా చూసుకోవలసినవి ఉన్నాయి. ఒకే సిరీస్ కోసమైతే ఏడాది ప్లాన్ కట్టకండి. నెల చాలు. ‘డార్క్’ను రోజుకొకటి చూసినా 26 రోజుల్లో అయిపోతుంది. ‘చెర్నోబిల్’ ఐదే ఎపిసోడ్లు. అమెజాన్ ప్రైమ్‌లో ఉన్న ‘దూత’ ఎనిమిది. పైగా సిరీస్‌లు ఒకచోట స్థిరంగా ఉండవు: ‘చెర్నోబిల్’ తీసిన అమెరికా సంస్థ హెచ్‌బీఓ సరుకంతా 2023 మార్చి 31తో హాట్‌స్టార్ నుంచి వెళ్లిపోయి, ఆ తర్వాత జియోసినిమాకు చేరింది. ఆ సిరీస్‌ల కోసమే ఏడాదికి కట్టినవాళ్లకు మధ్యలోనే అవి పోయాయి. నెట్‌ఫ్లిక్స్‌లో డబ్బు కట్టిన రోజే మెంబర్‌షిప్ రద్దు చేసినా కట్టిన నెల పూర్తయ్యేదాకా చూడొచ్చు, కాబట్టి అలాగే చేయండి.

నెట్‌ఫ్లిక్స్ ₹149 మొబైల్ ప్లాన్ ఫోన్‌కు, ట్యాబ్‌కు మాత్రమే. టీవీకి పంపడం కుదరదు. టీవీలో చూడాలంటే ₹199 బేసిక్ అయినా కావాలి, అదీ 720పీ నాణ్యతలోనే. ఖరీదైన ప్లాన్ కట్టినా బొమ్మ మసకగా ఉంటే తప్పు ఫోన్‌ది కావచ్చు: ఆండ్రాయిడ్ నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో యాప్ సెట్టింగ్స్, ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ తెరవండి. అక్కడ వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా కాపాడే వ్యవస్థ) ఎల్3 అని ఉంటే ఏ ప్లాన్ కట్టినా హెచ్‌డీ రాదు. ఎల్1 ఉండాలి. గుర్తింపు లేని చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లోనూ ఇదే తంటా.

ప్రైమ్‌లో సిరీస్ పేరు కనిపించినంత మాత్రాన మీ ప్లాన్‌లో ఉన్నట్టు కాదు. నీలం టిక్ ఉంటేనే కలిసి ఉన్నట్టు. పసుపు సంచి గుర్తు ఉంటే విడిగా డబ్బు కట్టాలి. ప్రైమ్ షాపింగ్ ఎడిషన్‌లో అసలు వీడియోనే లేదు, ఈ సంగతి తెలియక కొని తిట్టుకునేవాళ్లు చాలామంది. 2025 జూన్ నుంచి మామూలు ప్రైమ్‌లోనూ యాడ్స్ వస్తున్నాయి, వద్దనుకుంటే పైన మరికొంత కట్టాలి.

తెలుగు డబ్బింగ్ ఉందో లేదో ఎవరి మాటా నమ్మకండి, ఆడియో జాబితా తెరిచి చూడండి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు టీవీలో తెలుగు కనబడకపోతే, ముందు ప్రొఫైల్ భాషల్లో తెలుగు చేర్చి, కంప్యూటర్ బ్రౌజర్‌లో చూడండి. నెట్‌ఫ్లిక్స్ టీవీ యాప్ 2025 ఏప్రిల్ దాకా కొన్ని భాషలనే చూపించేది.

ఇప్పటికే టెలిగ్రామ్ వాడికి డబ్బు పంపి ఉంటే గ్రూపులో గొడవ పెట్టకముందే స్క్రీన్‌షాట్లు తీయండి, ఎందుకంటే అవతలివాడు చాట్‌ను మీ ఫోన్‌లోంచి కూడా చెరిపేయగలడు. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిచి 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య), అవతలి యూపీఐ ఐడీ, చూపించిన పేరు రాసుకోండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పండి. డబ్బు వాడి ఖాతా దాటకముందే ఆపగలిగేది అప్పుడే. మీ ఇష్టంతో పంపిన డబ్బు కాబట్టి బ్యాంకు దానంతటది వెనక్కి ఇవ్వదు. వాడిచ్చిన యాప్ వేసుకుని ఉంటే ముందు నెట్ ఆపి, దాన్ని తీసేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. ఆ తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, తెలియని మ్యాండేట్ (ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే అనుమతి) ఏదైనా ఉంటే అక్కడికక్కడే రద్దు చేయండి.