పిల్లల నోటి కండరాల థెరపీకి డబ్బు కట్టే ముందు ముక్కు పరీక్ష చేయించండి

మా బాబుకు ఆరేళ్లు. నోరు తెరుచుకునే నిద్రపోతాడు, గురక పెడతాడు, తెల్లవారేసరికి దిండు చొంగతో తడిసిపోతుంది. హనుమకొండలో ఒక థెరపీ కేంద్రానికి తీసుకెళ్లాం. పది నిమిషాలు చూసి, పెదవులు, నాలుక కండరాలు బలహీనంగా ఉన్నాయన్నారు. 30 సెషన్లకు 24,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు. గురక గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

దారం కట్టిన గుండీని పెదవుల మధ్య బిగించి పట్టుకోమనడం, ఈల ఊదించడం, ఇలా పదకొండు సెషన్లు గడిచాయి. తర్వాత రాత్రిపూట పెదవులకు అంటించమని టేపు ఇచ్చారు. ముక్కుతో పీల్చడం అలవాటవుతుందట. అంటించిన అరగంటకే వాడు ఉలిక్కిపడి లేచి, రెండు చేతులతో టేపు పీకేసుకుని, నా మెడ పట్టుకుని ఏడ్చాడు. ఆ టేపు వేసింది నా చేతులే. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

మరునాడే వరంగల్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాం. ఆయన చల్లని స్టీలు పలకను వాడి ముక్కు కింద పెట్టారు. మామూలుగా రెండు పక్కలా ఆవిరి పట్టాలి. పట్టీ పట్టనట్టు చిన్న మసక మాత్రమే కనిపించింది. ఎక్స్‌రేలో ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే మెత్తని కండ పెరిగి గాలి దారిని దాదాపు మూసేసిందని తేలింది. గాలి వెళ్లే దారే లేని పిల్లవాడికి నోరు మూసుకోవడం నేర్పిస్తున్నామన్నమాట!

ఈ థెరపీయే మోసమని నేను అనడం లేదు. ముక్కు దారి బాగుపడ్డాక కూడా నోరు తెరిచే అలవాటు మిగిలిపోవచ్చు. అప్పుడు పెదవులు మూసి, నాలుక కొనను పై పళ్ల వెనక అంగిలికి ఆనించి ఉంచడం నేర్పితే ఉపయోగమని ఆ వైద్యుడే చెప్పారు. కానీ ముందు ముక్కు దారి, ఆ తర్వాతే థెరపీ. వరుస అదీ.

నేర్పే వారి అర్హత కూడా ముందే అడగండి. స్పీచ్ థెరపిస్టుకు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు సంఖ్య ఉంటుంది. మేము ఆలస్యంగా అడిగితే, రెండు రోజుల ఆన్‌లైన్ శిక్షణ సర్టిఫికెట్ చూపించారు.

మిగిలిన 19 సెషన్ల డబ్బు తిరిగి ఇచ్చేది లేదంటున్నారు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాను. మీరు కూడా రశీదు లేకుండా రూపాయి కట్టకండి. మీ పిల్లలకూ ఇలాంటి టేపు ఇచ్చి ఉంటే, వైద్యుడు ముక్కు చూసే వరకు దయచేసి ఈ రాత్రి నుంచే మానేయండి.