ముఖ్య కార్యనిర్వహణాధికారుల శిక్షణ కోర్సు: ఆరు వారాల తర్వాత నా అభిప్రాయం

ఒక చిన్న సంస్థకు సీఈవోగా బాధ్యతలు తీసుకున్న ఏడాదికి, ఆ పదవిలో ఉన్నవారి కోసమే ఆన్‌లైన్‌లో నడిచే ఆరు వారాల శిక్షణలో చేరాను. పాఠాల్లో సగమే నాకు పనికొచ్చాయి, కానీ ఆ సగం కోసమైనా చేరమని తోటివారికి చెబుతాను.

మొదటి వారం ఉపన్యాసాలేవీ లేవు. ప్రతి అరగంటకూ ఏం చేస్తున్నామో రాసి పంపమన్నారు, అంతే. హార్వర్డ్ ఆచార్యులు మైకేల్ పోర్టర్, నితిన్ నోహ్రియా 27 మంది సీఈవోల దినచర్యను 13 వారాల చొప్పున నమోదు చేయించి, వారి పనివేళల్లో 72 శాతం సమావేశాలకే పోతోందని 2018లో వెల్లడించిన సంగతి నేను అంతకుముందే చదివాను. అయినా నా పద్ధతి వేరనే నమ్మకంతో ఉన్నాను. తీరా నా పట్టికను లెక్కగడితే, ఆ వారం పదకొండు సమావేశాల్లో నేను నోరు విప్పాల్సిన అవసరమే రాలేదని, కస్టమర్లతో మాట్లాడింది నలభై నిమిషాలేనని తేలింది.

కోర్సు మొత్తానికి ప్రాణం మూడో వారం. 2006లో ఫోర్డ్ పగ్గాలు చేపట్టిన అలన్ ములాలీ, వారం వారం జరిగే సమీక్షలో ప్రతి విభాగాధిపతీ తన పనుల స్థితిని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపాలని నియమం పెట్టారు. ఆ ఏడాది సంస్థ నష్టం 1,200 కోట్ల డాలర్లు దాటినా చార్టులన్నీ ఆకుపచ్చగానే, అంటే ఎక్కడా సమస్యే లేనట్టు, వచ్చేవి. చివరికి విభాగాధిపతుల్లో ఒకరైన మార్క్ ఫీల్డ్స్ ఒక వాహనం విడుదలకు ఎరుపు చూపినప్పుడు ములాలీ చప్పట్లు కొట్టారు. ఈ ఉదంతం చెప్పాక మా చేత ఒక అభ్యాసం చేయించారు. పెద్ద ఆర్డరు చేజారిందని ఒకరు వచ్చి చెబుతారు, మనం స్పందించాలి, అదంతా రికార్డవుతుంది. నాది వేసి చూస్తే, అవతలి మనిషి మాట పూర్తికాకముందే నేనడిగిన ప్రశ్న “ఎవరి వల్ల?” అని. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. అయినా ఆ క్షణం నుంచి ఆయన చెప్పినదంతా సంజాయిషీగానే మారిపోయింది. చెడు కబురు తొందరగా చేరాలంటే దాన్ని తెచ్చినవారికి భయం ఉండకూడదని ఎన్నోసార్లు విన్నాను. ఆ భయం నా నోటి నుంచే ఎలా పుడుతోందో కళ్లారా చూసింది మాత్రం అక్కడే.

వేదికపై నిలబడే తీరు, దుస్తుల ఎంపిక గురించి ఐదో వారమంతా వెచ్చించడం నాకు నచ్చలేదు. డైరెక్టర్ల బోర్డుతో వ్యవహరించడం, వారసులను తయారుచేయడం వంటి కష్టమైన విషయాలను మాత్రం ఒక్క గంటలో ముగించారు. వాటి కోసమే చేరాలనుకునేవారికి ఈ కోర్సు చాలదు. చేరేవారు పద్దులు ముగించే నెలను తప్పించి, మామూలుగా గడిచే వారాన్ని ఎంచుకోవడం మంచిది, లేకపోతే ఆ మొదటి వారం పట్టికకు అర్థముండదు.