ఏరియేటర్లకు డ్రైవ్ కొంటున్నారా? ఆ 70 డిగ్రీల మాట నమ్మకండి

ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్లకు డ్రైవ్, అంటే మోటారు వేగాన్ని పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ పరికరం, పెట్టించాలని చూస్తున్నవారి కోసం రాస్తున్నాను. సంక్రాంతి వెళ్లాక నేనొకటి కొన్నాను. ఐదు హార్స్‌పవర్‌ది, ఇనుప డబ్బాతో సహా. ఎండకు ఆగుతుందా అని అడిగితే దుకాణదారు పుస్తకం తెరిచి ‘మైనస్ 20 నుంచి 70 డిగ్రీలు’ అన్న వరుస మీద వేలు పెట్టాడు. ‘మన దగ్గర 70 ఎప్పుడొస్తుందండీ’ అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అది నిల్వ ఉష్ణోగ్రత. అంటే కరెంటు లేకుండా గోదాములో పడి ఉన్నప్పటి లెక్క. పనిచేసేటప్పటి హద్దు ఆ పై వరుసలోనే ఉంది: 40. అది దాటితే డిగ్రీకి 2 శాతం చొప్పున కరెంటు తగ్గించుకోవాలి, 50 దాటాక నడపనే కూడదు. ప్లేటు మీద 9 ఆంపియర్లని ఉన్నా 50 డిగ్రీల దగ్గర మిగిలేది 7.2. నా రెండు మోటార్లు కలిపి లాగేది దాదాపు 7.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం డబ్బాలో థర్మామీటరు పెడితే 58 చూపించింది. గట్టు మీద నీడ లేదు. వాన చుక్క దూరకూడదని రబ్బరు పట్టీతో బిగించిన డబ్బాలోకి గాలీ దూరదు. పైగా డ్రైవ్ నడుస్తున్నంతసేపూ వంద వాట్ల బల్బులా తానే వేడి కక్కుతుంది.

మొదట మధ్యాహ్నాలు ఆగిపోయేది, చల్లారాక మళ్లీ తిరిగేది. పగలు నీటిలో ప్రాణవాయువు ఉంటుంది కనుక నేనూ పట్టించుకోలేదు, తప్పు నాదే. ఒక రాత్రి మూడు గంటలకు పూర్తిగా చచ్చింది. టార్చి వేస్తే రొయ్యలు అంచుల్లో గుంపులుగా తేలుతున్నాయి. పాత స్టార్టర్ షెడ్డులో ఉండబట్టి నేరుగా కలిపాము. అయినా తెల్లారేసరికి కొంత సరుకు పోయింది.

విప్పి చూస్తే లోపల కరెంటు నిల్వచేసే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి, వాటి మీద 85 డిగ్రీలని ముద్ర. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా వాటి ఆయుష్షు సగమవుతుందని మెకానిక్ చెప్పాడు. 105 రకం వేయించాను. వారంటీ అడిగితే ‘ఎక్కువ వేడిలో వాడారు’ అన్నారు. ఆ డబ్బా అమ్మింది వాళ్లే!

ఇప్పుడు డ్రైవ్‌ను తాటాకు పాకలోకి మార్చి, డబ్బాకు ఫ్యాను పెట్టించి, ఒక్క మోటారే దాని మీద నడుపుతున్నాను. రెండోది పాత స్టార్టర్ మీదే. మొన్న ఆ దుకాణం ముందు నుంచి వెళ్తే అదే డబ్బా అద్దం వెనక కనిపించింది, ధర వెయ్యి తగ్గించి.