ఇన్వర్టర్ బ్యాటరీ కొంటున్నారా? జాగ్రత్త, కొత్తదని చెప్పి నాకు పాతది అంటగట్టారు

ఇన్వర్టర్‌కి బ్యాటరీ మార్చే ఆలోచనలో ఉన్నవాళ్లు డబ్బులు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. నేను 11,500 రూపాయలకి మునిగాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

మాది తెనాలి. ఏప్రిల్‌లో, సరిగ్గా ఎండలు ముదిరే టైంలో, మా పాత బ్యాటరీ చేతులెత్తేసింది. అమ్మకి ఎనభై ఏళ్లు. రాత్రిపూట కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఆవిడ తట్టుకోలేదు. ఆ టెన్షన్‌లో నాలుగు షాపులు తిరిగాను. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే లెక్క) టాల్ ట్యూబులర్‌కి, అంటే ఇళ్లలో ఇన్వర్టర్‌కి పెట్టే పొడవాటి రకం బ్యాటరీకి, మూడు చోట్ల పాతది ఇచ్చినా 13 వేలకు పైసా తగ్గలేదు. నాలుగో అతను మాత్రం 11,500కే ఇస్తానన్నాడు. "బిల్లు లేకుండా అయితేనే ఈ రేటు సార్, వారంటీ కార్డు మీద స్టాంపు వేసిస్తా కదా" అన్నాడు. సరేనని తలూపాను.

బ్యాటరీ తెచ్చిన కుర్రాడు ఒక్కడే దాన్ని తాడు పట్టుకుని మెట్లెక్కించేశాడు. పాతదాన్ని దించడానికి మాత్రం ఇంకో మనిషిని పిలిచాడు. అప్పుడైనా నాకు బుర్ర వెలగలేదు. టెర్మినళ్ల మీద బోల్టు బిగించిన గాట్లు కనిపించి అడిగితే "షాపులో టెస్టింగ్ చేశాం సార్" అన్నాడు. సీసం మెత్తటిది, ఒకసారి క్లాంపు బిగిస్తే గాటు పడిపోతుంది. ఆ గాట్లు ఒకసారివి కావు, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, ఒక టీవీ. మా లోడ్‌కి నాలుగైదు గంటలు రావాలి. మొదటి నెల మూడు గంటలు వచ్చింది. జులైకి నలభై నిమిషాలకే ఇన్వర్టర్ కుయ్యిమనడం మొదలుపెట్టింది. షాపుకి ఫోన్ చేస్తే "మీరు లోడ్ ఎక్కువ పెడుతున్నారు" అన్నాడు.

చివరికి తెలిసిన మెకానిక్‌ని పిలిపించాను. రాత్రంతా చార్జింగ్ పెట్టాక ఒక్కో మూత తీసి హైడ్రోమీటర్‌తో గ్రావిటీ, అంటే లోపలి యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూశాడు. నిండా చార్జ్ అయితే 1240 దగ్గర ఉండాలట. బ్యాటరీలో ఉండే ఆరు సెల్స్‌లో (విడివిడి గదుల్లో) ఐదు 1200 దాటాయి, మూడోది 1130 దగ్గరే ఆగిపోయింది. "ఈ సెల్ పోయింది సార్, ఇది కొత్త బ్యాటరీ కాదు" అన్నాడు. నీళ్లు మార్కు దాకా పోసి పక్కనున్న బియ్యం కొట్టు కాటా మీద పెడితే 41 కేజీలు తూగింది. ఆ మోడల్‌కి కంపెనీ కేటలాగ్‌లో రాసింది 50 పైనే. పైన డబ్బా అసలుదే, లోపల పలచటి ప్లేట్లు పెట్టి రీకండిషన్ చేసి ఉంటారని అతని అనుమానం. కస్టమర్ కేర్‌కి సీరియల్ నంబర్ చెబితే, అది ఏడాదిన్నర కిందే వేరే ఊళ్లో వేరే పేరు మీద రిజిస్టర్ అయిందన్నారు. నా చేతిలో ఉన్న స్టాంపు కార్డు చిత్తు కాగితమే అన్నమాట.

అందుకే చెబుతున్నాను, బ్యాటరీ ఇంకా షాపులో ఉండగానే దాని ఒంటి మీది సీరియల్ నంబర్ ఫొటో తీసి, అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేసి అడగండి. అట్టపెట్టె మీది నంబర్, కార్డు మీది నంబర్ కాదు, బ్యాటరీ మీదిదే. మీటర్ పెట్టి 12.6 వోల్టులు చూపిస్తే మురిసిపోవద్దు, అప్పుడే చార్జ్ చేసిన పాత బ్యాటరీ కూడా లోడ్ లేనప్పుడు అంతే చూపిస్తుంది. లోడ్ పెట్టి చూపించమనండి. కుదిరితే కాటా వేయించండి, బరువులో మోసం చేయడం కష్టం. వారంటీ 60 నెలలని చెబితే అందులో ఉచితంగా మార్చేది ఎన్ని నెలలు, డిస్కౌంట్ మాత్రమే ఇచ్చేది ఎన్ని నెలలు అని విడగొట్టి అడగండి.

ఇంకో మెలిక కూడా ఉంది. 150 అని అందరూ రాస్తారు గానీ పక్కన సీ20 అని ఉందా, సీ10 అని ఉందా చూడండి. సీ20 అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున మెల్లగా ఇరవై గంటలు వాడితే వచ్చే లెక్క. సీ10 అంటే పదిహేను చొప్పున పది గంటలు. వేగంగా లాగేకొద్దీ బ్యాటరీ ఇచ్చేది తగ్గుతుంది కాబట్టి ఈ రెండు 150లూ ఒకటి కావు. సోలార్‌కి అమ్మేవి ఎక్కువగా సీ10వి. ఒకటి చూపించి ఇంకోదాని రేటు చెప్పేవాళ్లున్నారు.

పాత బ్యాటరీ విషయంలో మాత్రం ఇప్పటికీ మనసు పీకుతోంది. దాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి ఏడాది దాటింది. నీళ్లు పోసి, ఒకసారి గ్రావిటీ చూపించి ఉంటే ఇంకో వేసవి లాగేదేమో. చూపించకుండానే ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేశాను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ రిజిస్టర్ చేశాను. బిల్లు లేకపోవడంతో ఫోన్‌పే చెల్లింపు, స్టాంపు కార్డు, కాటా చీటీ, గాట్ల ఫొటోలే నా ఆధారాలు. కంప్లయింట్ సంగతి తెలిశాక షాపతను మొన్న ఫోన్ చేశాడు. గొడవెందుకు సార్, ఆ బ్యాటరీ తెచ్చిచ్చేయండి, స్క్రాప్ కింద కేజీల లెక్కన కొనుక్కుంటానన్నాడు.