బ్రాంచీలకు సాఫ్ట్‌వేర్ పంపిణీ: కాన్ఫిగరేషన్ మేనేజర్ ఎంతవరకు పనికొస్తుంది

హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం, జిల్లాల్లో 30కి పైగా బ్రాంచీలు ఉన్న ఒక సంస్థ కంప్యూటర్ల బాధ్యత నాది. ఆ కంప్యూటర్లన్నిటికీ సాఫ్ట్‌వేర్ పంపడానికి మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ వాడుతున్నాం. 1994లో ఎస్ఎంఎస్ (సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్) అనే పేరుతో మొదలై, ఎస్‌సీసీఎంగా (సిస్టమ్ సెంటర్ కాన్ఫిగరేషన్ మేనేజర్) అందరి నోళ్లలో నానిన సాధనమే ఇది. పేరు ఎన్నిసార్లు మారినా మా గదిలో ఇప్పటికీ ఎస్‌సీసీఎం అనే అంటాం. దీన్ని ఇన్‌స్టాల్ చేయడం ఒక వారం పని అయితే, నెట్‌వర్కుకు తగినట్టు ప్రణాళిక వేసుకోవడానికి మాకు మూడు నెలలు పట్టింది.

ఆ ప్రణాళిక ఎందుకంటే, లెక్క చూడండి. 4 ఎంబీపీఎస్ లైను మీద 4 జీబీ ప్యాకేజీ (ఒక సాఫ్ట్‌వేర్ ఫైళ్ల మూట) వెళ్లాలంటే, ఆ లైనును ఇంకెవరూ ముట్టుకోకపోయినా 2 గంటల 13 నిమిషాలు కావాలి. బ్రాంచిలోని 40 కంప్యూటర్లు ఎవరి కాపీ వారు హైదరాబాద్ నుంచి తెచ్చుకుంటే దాదాపు 89 గంటలు. అందుకే బ్రాంచిలో ఒక డిస్ట్రిబ్యూషన్ పాయింట్ (ప్యాకేజీల కాపీ దాచి పంచే సర్వర్) పెట్టి, లైను మీద ఒక్క కాపీ మాత్రమే నడిపించి, మిగతా పంపకం లోపలి నెట్‌వర్కులోనే జరిగేలా చూసుకోవాలి. ఒకే ఫైలు పది ప్యాకేజీల్లో ఉన్నా పాయింట్‌లోని కంటెంట్ లైబ్రరీ దాన్ని ఒక్కసారే దాచుకుంటుంది. పాత సర్వర్లతో నెట్టుకొచ్చే మాలాంటి వారికి ఇది చిన్న మేలు కాదు.

ఏ కంప్యూటర్ ఏ పాయింట్‌ను అడగాలో తేల్చేది బౌండరీ గ్రూపులు, అంటే ఫలానా ఐపీ అడ్రసుల కంప్యూటర్లకు ఫలానా పాయింట్ అని మనం రాసిపెట్టే జాబితాలు. నా దృష్టిలో ఈ సాధనంలోని బలమూ ప్రమాదమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. కరీంనగర్ బ్రాంచికి నేను ఐపీ రేంజి రాసేటప్పుడు, ముందుముందు పనికొస్తుందని 10.20.8.0 నుంచి 10.20.15.255 దాకా అవసరానికి మించి పెద్దదిగా రాసేశాను. ఏడాది తర్వాత నెట్‌వర్క్ బృందం 10.20.12.0 నుంచి ఉన్న భాగాన్ని నిజామాబాద్‌లోని కొత్త అంతస్తుకు ఇచ్చింది. ఆ అంతస్తు కంప్యూటర్లు, పక్క గదిలోనే పాయింట్ ఉండగా, హైదరాబాద్ మీదుగా కరీంనగర్ వెళ్లి అప్‌డేట్ తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. ఉదయం పదిన్నరకు బ్రాంచి మేనేజర్ ఫోన్: "సర్, రసీదులు రావడం లేదండి, కౌంటర్ దగ్గర జనం నిలబడిపోయారు." ఒక కంప్యూటర్‌లో లొకేషన్ సర్వీసెస్ లాగ్ తెరిస్తే కరీంనగర్ సర్వర్ పేరు కనిపించింది. తప్పు సాధనానిది కాదు, నాది. రాసింది రాసినట్టే అది పాటించింది. అయితే అలా రాస్తున్నప్పుడు కన్సోల్ (మేం అమరికలు చేసే తెర) ఒక్క మాటా హెచ్చరించదు. నాటి నుంచి కొత్త సబ్‌నెట్ (ఐపీ అడ్రసుల భాగం) కోరే ఫారంలో "ఏ బౌండరీ గ్రూపు?" అనే గడి చేర్చాం, అది ఖాళీగా ఉంటే సంతకం పెట్టను.

దీనికి తోడు ఫాల్‌బ్యాక్ సమయం, అంటే వేరే గ్రూపు వైపు మళ్లే ముందు ఆగే సమయం, చూసుకోవాలి. దగ్గరి పాయింట్‌లో ప్యాకేజీ దొరకకపోతే, 120 నిమిషాల తర్వాత కంప్యూటర్ వేరే గ్రూపును ఆశ్రయించడం అనేది మనం మార్చకపోతే ఉండే అమరిక. సన్నని లైన్లున్న బ్రాంచీలకు మేము ఆ దారి పూర్తిగా మూసేశాం. ప్యాకేజీ ఒక రోజు ఆలస్యమైనా ఫరవాలేదు, కౌంటరు మాత్రం ఆగకూడదు.

పాయింట్‌కు పంపే వేగాన్ని గంటల వారీగా శాతాల్లో పరిమితం చేసే సదుపాయం చక్కగా పనిచేస్తుంది. పగలు 20 శాతం, రాత్రి తొమ్మిది తర్వాత పూర్తి వేగం అని పెట్టుకున్నాం. నన్ను నిరుత్సాహపరిచింది పుల్ డిస్ట్రిబ్యూషన్ పాయింట్, అంటే ప్రధాన సర్వర్ పంపేదాకా ఆగకుండా వేరే పాయింట్ నుంచి తానే తెచ్చుకునే రకం. ప్రధాన సర్వర్ మీద భారం తగ్గించడానికి ఉద్దేశించిన ఈ రకానికి ఆ వేగపరిమితులు వర్తించవు కాబట్టి, ఆయా సర్వర్లలో బిట్స్ (వెనకాల ఫైళ్లు తెచ్చే విండోస్ సేవ) అమరికలను విడిగా చూసుకోవాలి. ఆదిలాబాద్ విషయంలో ఇవన్నీ పక్కనపెట్టి, మొదటి విడత ప్యాకేజీలను ప్రీస్టేజ్ చేసి (లైను వాడకుండా చేతికిచ్చేలా ముందే ఫైలుగా సిద్ధం చేసి), హార్డ్ డిస్కులో నింపి, మా ఇంజనీరును ఆర్టీసీ బస్సెక్కించాం. లైను కన్నా బస్సే ముందు చేరింది.

సర్వర్ పెట్టడానికి వీల్లేని, పదిలోపు కంప్యూటర్లున్న బ్రాంచీలకు పీర్ క్యాష్ సరిపోయింది. ముందు తెచ్చుకున్న కంప్యూటరే పక్కవాటికి పంచుతుంది. 8003 పోర్టును ఫైర్‌వాల్‌లో తెరవాలి, క్యాష్ పరిమాణం మాత్రం పెంచుకోవాలి. మామూలుగా ఇచ్చే 5120 ఎంబీ పెద్ద ప్యాకేజీ ఒకటి రాగానే నిండిపోతుంది. ఇంటి నుంచి పనిచేసేవారి కోసం 2006 వెర్షన్‌లో వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి వచ్చే సురక్షిత దారి) బౌండరీ వచ్చింది, అదీ ఉపయోగపడుతోంది.

అయిదుకు నాలుగు ఇస్తాను. సన్నని లైన్లతో చెదిరి ఉన్న బ్రాంచీలకు ఇంత పట్టు ఇచ్చే సాధనాన్ని నేను ఇంకొకటి వాడలేదు. ఒకే భవనంలో వంద కంప్యూటర్లు, మంచి ఇంటర్నెట్ ఉన్నవారు మాత్రం ఈ సర్వర్ల జోలికి రాకుండా మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ సేవ ఇన్‌ట్యూన్‌తో సరిపెట్టుకోవడం మేలు.