మంగళాజోడిలో బాతుల ఫొటోలు: బస ఊళ్ళోనే, పడవ తెల్లారకముందే

నీటి మీద బాతుల్ని దగ్గరగా ఫొటో తీయాలంటే ఒడిశాలో చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న మంగళాజోడికి సాటి వచ్చే చోటు మన దగ్గర్లో లేదు. మన ఆటపాక, నేలపట్టు గూడబాతులకి గొప్ప చోట్లు. కానీ పిన్‌టెయిల్, షవలర్, గాడ్వాల్, గార్గనీ, జక్కవలు లాంటి వలస బాతులు ఇంత చేరువగా కనబడేది ఇక్కడే. ఒక్కటే షరతు: హైవే పక్క లాడ్జిలో దిగొద్దు.

మేం మొదట దిగింది అలాంటి లాడ్జిలోనే. గది 2,200. దాని మీద "పడవా కారూ మేమే చూసుకుంటాం, ఆరింటికల్లా నీళ్ళ మీద ఉంటారు" అని చెప్పి ఇంకో 600 ముందే కట్టించుకున్నారు. తెల్లవారుజామున ఐదింటికి రావాల్సిన కారు ఏడు దాటాక వచ్చింది. మా బావ బ్యాగు భుజాన వేసుకుని గేటు దగ్గరే నిలబడి ఎవరితోనూ మాట్లాడలేదు. పడవ ఎక్కేసరికి ఎనిమిదింబావు. డబ్బు వెనక్కి అడిగితే, పడవ దొరికింది కదా సార్ అన్నారు. ఇంత కోపం ఎందుకంటే, జనవరిలో అక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. పనికొచ్చే వెలుగు ఆ తర్వాత రెండు గంటలే. తొమ్మిదయ్యేసరికి నీళ్ళ మీద గాలి వేడెక్కి మిలమిలలాడుతుంది. ముప్పై మీటర్ల దూరంలోని బాతు ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా ఈకలు అలికినట్టు వస్తాయి. ఫోకస్ పోయిందనుకుని సెట్టింగులు మార్చుకుంటూ కూర్చుంటారు చాలామంది. తప్పు కెమెరాది కాదు, ఆ వేళది.

మర్నాటికి ఊళ్ళోకి మారిపోయాం. ఊరివాళ్ళే నడిపే బస, భోజనంతో కలిపి మనిషికి 1,600. గది మామూలుదే, వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు. కానీ పడవ రేవు పక్కనే. రాత్రి భోజనంలో దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), అన్నం, చిలికా పీతల కూర పెట్టారు. ఆ కూరతో మా బావ మళ్ళీ మనిషయ్యాడు.

ఇక్కడి పడవలకి మోటారు ఉండదు. వెదురు గడతో తోస్తారు. మూడు గంటలకి మేం కట్టింది 1,300. గడ వేసేవాళ్ళలో ఒకప్పటి వేటగాళ్ళూ ఉన్నారు. 2000లో శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడ్డాక వేట మాని కాపలాకి దిగిన ఊరు ఇది. ఆ అనుభవమే మనకి పెట్టుబడి. బాతు మెడ నిక్కబొడిచిందంటే ఎగరబోతోందని మనకంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది, గడ ఆపేస్తారు. తొందరపెట్టొద్దు, "ఇంకొంచెం దగ్గరికి" అని అస్సలు అనొద్దు. తిన్నగా బాతు మీదికి కాకుండా ఏటవాలుగా, ఆగి ఆగి వెళ్తే అవి మేత మానవు.

పడవకి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు చాలు, ఇద్దరూ ఒకే పక్కన కూర్చోవాలి. ఎండకి గుడ్డ కప్పు వేసి ఉంటే తీయించెయ్యండి. బల్ల మీద కూర్చుంటే లెన్సు నీటికి మూడడుగుల పైన ఉంటుంది, బాతు నీళ్ళకి అతికించినట్టు పడుతుంది. అడుగున చాప వేసుకుని, పడవ అంచు మీద బీన్‌బ్యాగ్ (లెన్సు ఆనించుకునే సంచి) పెట్టి తీయండి. అప్పుడు కన్ను బాతు కంటికి సమంగా దిగుతుంది, వెనక రెల్లు కరిగిపోయి రంగు మాత్రమే మిగులుతుంది. బీన్‌బ్యాగ్ ఖాళీగా తీసుకెళ్ళి అక్కడ రెండు కిలోల బియ్యం పోసుకోండి. ట్రైపాడ్ పడవలో దండగ. గడ వేసిన ప్రతిసారీ అదురు కాళ్ళగుండా పైకి పాకుతుంది. వ్యూఫైండర్‌లో లెవెల్ గీత ఆన్ చేసుకోకపోతే నీళ్ళన్నీ ఒక పక్కకి ఒలికినట్టు వస్తాయి.

400 ఎంఎం లెన్సు సరిపోతుంది, 600 ఉంటే సుఖం. షట్టర్ వేగం ఈదే బాతుకి సెకనులో 1/800, ఎగిరేదానికి 1/2500. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 దాకా వెళ్ళినా భయం లేదు. పోలరైజర్ (నీటి మెరుపు తగ్గించే ఫిల్టరు) తీసెయ్యండి. వెలుగూ తినేస్తుంది, నీటిలో నీడనీ చంపేస్తుంది. నల్లటి నీటి మీద పిన్‌టెయిల్ మగదాని తెల్లటి రొమ్ము వివరం పోయి తెల్లముద్దగా పడుతుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ −0.7 పెట్టండి. ఆకాశం మెరిసే నీళ్ళయితే తిరగేసి +0.3. షవలర్ మగదాని తల ఆకుపచ్చ కనబడాలంటే ఎండ మన వీపు వెనక ఉండాలి. అది పూతరంగు కాదు, ఈక నిర్మాణం నుంచి వచ్చే మెరుపు. పక్కవెలుగులో ఆ తల నల్లముద్దే.

గాలి సంగతి ఎవరూ చెప్పరు గానీ సగం ఫొటో అదే. బాతులు గాలికి ఎదురుగానే లేస్తాయి. శీతాకాలపు పొద్దున ఈశాన్యపు గాలి ఉంటే, పడవని గుంపుకి ఆగ్నేయంగా నిలపమనండి. ఎండ వెనక, బాతు పక్కవాటు ముందు. పిన్‌టెయిల్, గాడ్వాల్ నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేస్తాయి, ఫ్రేములో పైన చోటు వదలాలి. ఎర్రతల పోచర్డ్‌లు నీళ్ళ మీద పరుగెత్తి లేస్తాయి, ముందు చోటు వదలాలి. రెక్కలు విప్పే ఫొటో కావాలంటే లేపడం అవసరం లేదు. తల ముంచి వీపు మీద నీళ్ళు చల్లుకునే బాతుని పట్టుకుని ఉండండి. స్నానం అవగానే పైకి లేచి రెక్కలు దులుపుతుంది. ఆ పని మొదలైందంటే వేలు షట్టర్ మీంచి తియ్యొద్దు. మొదటి విదిలింపులో రెక్క తలని కప్పేస్తుంది, రెండోదాంట్లో కన్ను దొరుకుతుంది.

నవంబరులో వెళ్ళినవాళ్ళు "అన్నీ గోధుమరంగు ఆడబాతులే" అని నిరాశపడి వస్తారు. వాటిలో చాలా మగవే, వాటికి ఇంకా కొత్త ఈకలు రాలేదు. పిన్‌టెయిల్ డిసెంబరు నాటికి ముస్తాబవుతుంది. షవలర్ ఇంకా ఆలస్యం. గార్గనీ కనుబొమ్మ తెల్లగీత చక్కగా చూడాలంటే ఫిబ్రవరి రావాలి.

విశాఖ నుంచి హౌరా లైన్లో బాలుగావ్‌లో దిగండి. అక్కడినుంచి ఆటోకి 900 అడిగారు, బేరం లేకుండా ఇచ్చాం. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాలు వదిలెయ్యండి. పిక్నిక్ జనంతో పడవలు వరసకడతాయి, బాతులు లోపలికి జరిగిపోతాయి. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి సగం దాకా, మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి. పడవ ముందు రాత్రే మాట్లాడుకుని, ఏ పడవవాడు వస్తాడో కూడా అడిగి ఉంచుకోండి.